ఆస్తిని కాపాడాల్సిన ప్రభుత్వమే మన పొలం తీసుకోవచ్చా?

"మనం వద్దన్నా ప్రభుత్వం పొలం తీసుకోగలదా? ప్రజల ఆస్తిని కాపాడటమే కదా దాని పని?" అని అడిగారు. తీసుకోగలదు. మా నాన్నగారి ఎకరంన్నరలో 42 సెంట్లు, బావితో సహా, కాలువకు పోయాయి.

ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కే. 1978లో 44వ సవరణతో ఆ జాబితాలోంచి తొలగించి 300ఎ అధికరణంలో పెట్టారు. చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని దాని సారాంశం. నడుమ ఒక్క రైతు కాదంటే దిగువన వందల ఎకరాలకు నీళ్లు అందవు కాబట్టి ఈ అధికారం ఉండాల్సిందే. అంతవరకు నాకు పేచీ లేదు.

ఒక ఉదయం వెళ్లి చూస్తే గట్టు పొడవునా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతి ఉన్నాయి. నాన్నగారు ఒకటి పీకబోయారు. పీకితే ఇంకొకటి పాతుతారని ఆపాను. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజులు ఉంటాయి (జాతీయ రహదారులకు వేరే చట్టం, 21 రోజులే). ఊళ్లో చాలామంది ఎకరానికి ఎంత ఇస్తారన్న చర్చలోనే ఆ రెండు నెలలూ గడిపేశారు. మేము అర్జీ రాసిచ్చాం. ఎందుకంటే అధికారుల వివరాల్లో మా పొలం ఉత్త మెట్ట. రాతికట్టు బావి లేదు, మోటారు లేదు, రెండు కొబ్బరిచెట్లు లేవు.

విచారణ రోజున అధికారి ఫొటోలు తిప్పి చూసి, సర్వేయరును మళ్లీ పంపారు. కాలువ దారి అంగుళం కూడా జరగలేదు. బావి మాత్రం లెక్కలోకి వచ్చింది. భూమి మీదున్న వాటి విలువ కూడా కలిపి, ఆ మొత్తానికి సమానంగా మరో నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము, ఇస్తారు. అంటే కాగితంలో బావి తప్పిపోతే రెండు బావుల డబ్బు పోయినట్టే.

నోటీసు ఇవ్వడం, మన మాట వినడం, కారణాలు చెప్పి నిర్ణయించడం, న్యాయమైన పరిహారం ఇవ్వడం 300ఎ అధికరణంలో భాగాలేనని 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకు నోటీసు వచ్చి ఉంటే ముందు దాని మీది తేదీ చూడండి. అవార్డులో, అంటే పరిహారం ఎంతో కలెక్టరు తేల్చి ఇచ్చే ఉత్తర్వులో, రాసిన మొత్తం నచ్చకపోతే, అభ్యంతరం ఉందని రాసి డబ్బు తీసుకుని, పెంచమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే దానికి ఆరు వారాలే గడువు. మా నాన్నగారు అభ్యంతరం ఉందన్న ఆ ఒక్క ముక్కా రాయకుండానే రసీదు మీద సంతకం పెట్టి వచ్చేశారు.