సీలు మార్చినా నూనె కారుతోందా?

ప్రశ్న: మా పంపుకు షాఫ్టు సీలు మూడుసార్లు మార్చాం. నెల తిరగకుండానే మళ్ళీ నూనె కారుతోంది. నాసిరకం సీళ్ళు అంటగడుతున్నారా?

జవాబు: పాపం, సీలును తిట్టకండి. ముప్పై ఏళ్ళు మరమ్మతు విభాగంలో చేతులు నలుపు చేసుకున్నవాణ్ణి. నా అనుమానం ముందు షాఫ్టు మీదికే పోతుంది. పాత సీలు ఉన్నచోట షాఫ్టు పొడవునా గోరుతో గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే గాడి పడినట్టే. ఉక్కును రబ్బరు కోయడమేమిటని మొదట్లో నేనూ నవ్వాను. సీలు పెదవి, అంటే షాఫ్టును ఒరుసుకునే రబ్బరు అంచు, దాని కింద ఇరుక్కున్న దుమ్ము సానరాయిలా పనిచేస్తుంది మరి! అక్కడ పలుచని ఉక్కు తొడుగు ఎక్కించండి.

గాడి లేకపోతే బేరింగును పట్టుకోండి. చిన్నపాటి కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజిని షాఫ్టుకు ఆనించి, షాఫ్టును చేత్తో పైకీ కిందికీ కదపండి. బేరింగు అరిగితే షాఫ్టు ఊగుతుంది. ఆ ఊపును పెదవి అందుకోలేదు, సందులోంచి నూనె జారుతుంది.

యంత్రం విప్పకుండానే తెలియాలంటే కంపన సెన్సరు ఉంది. బేరింగులో రెండు రింగుల నడుమ బంతులు దొర్లుతుంటాయి. కదలని బయటి రింగులో పెచ్చు లేస్తే, దాని మీదుగా బంతి దొర్లిన ప్రతిసారీ చిన్న దెబ్బ పడుతుంది. బంతుల వరుస షాఫ్టు వేగంలో దాదాపు 40 శాతంతోనే తిరుగుతుంది. కాబట్టి 8 బంతుల బేరింగులో, నిమిషానికి 1,500 చుట్లు తిరిగే షాఫ్టుకు, సెకనుకు సుమారు 80 దెబ్బలు. సెన్సరు కొలతను చూపే తెర మీద ఆ అంకె దగ్గర గీత నిటారుగా లేస్తే, నాలుగో సీలుతో పాటు బేరింగు కూడా తెప్పించండి.