సాయంత్రమైతే నెట్ పాకుతోంది: ఉద్యోగం పోయినందుకు నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పల్లెటూరు. మూడేళ్ల క్రితం కేబుల్ ఆపరేటర్ ద్వారా మా నాన్నగారి పేరు మీద ఫైబర్ నెట్ పెట్టించుకున్నాం. 100 ఎంబీపీఎస్ ప్లాన్. మొదట్లో బాగానే వచ్చేది. ఊళ్లో కనెక్షన్లు పెరిగేకొద్దీ రాత్రి ఏడు దాటితే వీడియో కాల్ కూడా నిలవడం లేదు. ఇంటి నుంచి పనిచేసేవాణ్ని. మీటింగుల మధ్యలో నెట్ పోతుండటంతో నా ఉద్యోగం పోయింది. అది జరిగి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఆ తర్వాత కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆపరేటర్ ‘పెద్ద ప్లాన్‌కి మారండి’ అంటున్నాడు. అతని మీద పది లక్షలకు దావా వేయాలనుకుంటున్నాను. ఈలోగా నెలవారీ డబ్బు కట్టడం ఆపేస్తే దారికొస్తాడని స్నేహితులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఉద్యోగం గురించి, తప్పిపోయిన సంబంధం గురించి ఉంది. ఆ రెండూ ఫిర్యాదులోకి రానివ్వకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఉద్యోగం పోవడం ఒక్క రోజున జరిగిపోయిన సంగతి, దాని గడువు దాటి నాలుగు నెలలైంది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు అదే సెక్షన్లో ఉన్నా, దానికి తగిన కారణం చూపాలి. ‘ఆపరేటర్ చుట్టూ తిరుగుతున్నాను’ అన్నది తగిన కారణం కాదు. ఫోన్లు చేసినా, ఉత్తరాలు రాసినా గడువు పెరగదు. గడువు సంగతి పక్కన పెట్టినా, మిమ్మల్ని తీసేసింది నెట్ వల్లేనని మీ పాత సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. అలాంటి కాగితం ఉన్నట్టు మీరు ఎక్కడా రాయలేదు.

మీ కేసు నిలబడేది మరోచోట. మీ ఆపరేటర్ వెనకున్న ఇంటర్నెట్ కంపెనీ నెలనెలా డబ్బు తీసుకుంటోంది, ఇస్తానన్న వేగం ఇవ్వడం లేదు. ఈ లోపం ఆగలేదు, ఇప్పటికీ నడుస్తోంది. అందువల్ల వెనక్కి రెండేళ్ల వరకు కట్టిన ప్రతి నెల చెల్లింపు మీదా గట్టిగా వాదించవచ్చు. రోజులు గడిచేకొద్దీ పాత నెలలు ఒక్కొక్కటే గడువు బయటికి జారిపోతుంటాయి. ఇంకా ఆలోచిస్తూ కూర్చోవద్దు.

రుజువు దగ్గరికి వద్దాం. ఆపరేటర్ ఎక్కువ మందికి అమ్ముకున్నాడన్నదే మీ ఫిర్యాదు అయితే అది అక్కడే వీగిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ అంటేనే పంచుకునే సేవ. ఇళ్ల కనెక్షన్లలో 1:50 వరకు పంపకం ఉండొచ్చని, అంటే ఒకరి వేగాన్ని యాభై మంది దాకా పంచుకోవచ్చని, 2009లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మార్గదర్శకాలే చెప్పాయి. మీరు చూపాల్సింది పంచుకున్నవాళ్ల లెక్క కాదు, మీ ఇంటికి ఏ వేళకు ఎంత వేగం చేరిందన్నది.

అందుకు ఫోన్లో వైఫై మీద తీసిన స్క్రీన్‌షాట్లు చాలవు. ‘గోడల వల్ల సిగ్నల్ తగ్గింది, అదే సమయంలో ఇంట్లో ఇంకెవరో సినిమా చూస్తున్నారు’ అని కంపెనీ వకీలు ఒక్క మాటలో కొట్టిపారేస్తాడు. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. మిగతా ఫోన్లు, టీవీ అన్నీ నెట్ నుంచి తీసేయండి. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, ఒకే సర్వర్‌కు స్పీడ్ టెస్ట్ చేయండి. రెండు వారాలు వరుసగా చేయండి. తెల్లవారుజామున 90 వచ్చి రాత్రి 4 వస్తే మీ తీగ, మీ రౌటర్ బాగానే ఉన్నాయని, ఇరుకు పైన ఎక్కడో ఉందని ఆ అంకెలే చెబుతాయి. రెండు వేళలా 4 వస్తే అది తీగలోనో రౌటర్లోనో ఉన్న లోపం. అప్పుడు రద్దీ వాదన వదిలేసి మరమ్మతు అడగాలి. అంతకంటే ముందు ఈ నెల డేటా వాడకం ఎంతో చూసుకోండి. పరిమితి దాటితే వేగం తగ్గుతుందని ప్లాన్‌లో ఉండి, మీరు పరిమితి దాటి ఉంటే కేసే లేదు.

టెస్ట్ ఫలితం లింకు, తేదీ, సమయం కనబడేలా భద్రపరచండి. అసలు ఫైలు తీసిన యంత్రంలోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో నాణ్యత, ఫైలు వివరాలు పోతాయి. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఉంటుంది. దాంట్లో రెండు భాగాలు: ఒకటి యంత్రం చూసుకునే మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్ సాధారణంగా అఫిడవిట్ల మీదే తేలుస్తుంది, సివిల్ కోర్టులోలా సాక్ష్య చట్టాన్ని అక్షరమక్షరం పట్టుకోదు. అయినా ధ్రువపత్రం జతచేయండి, వాళ్లకు అభ్యంతరం చెప్పే సందు ఉండదు. అదే రాత్రి అదే సమయంలో ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు కూడా టెస్ట్ చేసి అఫిడవిట్ ఇస్తే బలం పదింతలవుతుంది. ఒకే బాధ ఉన్నవాళ్లందరి తరఫున వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) కింద కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు కూడా వేయొచ్చు.

అసలు రుజువు మాత్రం కంపెనీ దగ్గరే ఉంది. పల్లెల్లో ఇప్పుడు ఎక్కువగా వేసే జీపాన్ ఫైబర్‌లో (ఒకే తీగను చాలా ఇళ్లకు చీల్చే పద్ధతి) ఒక పోర్టుకు, అంటే ఆపరేటర్ యంత్రంలో ఆ తీగ మొదలయ్యే చోటుకు, దాదాపు 2.5 జీబీపీఎస్ వస్తుంది, దాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఇరుకు తరచుగా అక్కడ కాదు, ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే లింకులో ఉంటుంది. ఆ లింకు ఏ గంటలో ఎంత నిండిందో గ్రాఫులు వాళ్ల దగ్గర ఉంటాయి. వాటిని, మీ పోర్టు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో ఆ జాబితాను తెప్పించమని కమిషన్‌కు దరఖాస్తు పెట్టండి. వినియోగదారుల చట్టంలోనే సెక్షన్ 38 కింద పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. తేకపోతే వాళ్లకు వ్యతిరేకంగా భావించమని అడగవచ్చు. ‘పెద్ద ప్లాన్‌కి మారండి’ అన్న సలహాకు అర్థం కూడా ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. లింకు నిండిపోయాక 100 అని రాసినా 200 అని రాసినా రాత్రి వచ్చేది అదే. పైగా కొత్త ప్లాన్‌కు మీరు ఒప్పుకున్నట్టు మరో కాగితం వాళ్ల చేతికి వెళ్తుంది.

‘కనీస వేగం 2 ఎంబీపీఎస్ అని ప్రభుత్వమే అంది, మేం 4 ఇచ్చాం’ అని వాళ్లు అనవచ్చు. 2023లో 2 ఎంబీపీఎస్ అన్నది దేన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలో చెప్పే నిర్వచనం. మీరు డబ్బు కట్టింది 100 ప్లాన్‌కు.

ఇక మందలింపు. చాలాసార్లు ఫోన్ చేశానని రాశారే, ఒక్క డాకెట్ నంబరైనా (ఫిర్యాదు నమోదు సంఖ్య) ఉందా? ఆపరేటర్ సొంత ఫోన్‌కు చేసిన కాల్ ఫిర్యాదు కాదు, మాటామంతీ. చదువుకున్నవారు, మూడేళ్లలో ఒక్క ఈమెయిల్ పెట్టలేకపోయారా? కంపెనీ ఫిర్యాదుల కేంద్రం తప్పనిసరిగా డాకెట్ నంబరు ఇవ్వాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవాళే దానికి ఫోన్ చేసి నంబరు రాసుకోండి, అదే విషయం ఈమెయిల్‌గానూ పంపండి. పరిష్కారం రాకపోతే, ఫిర్యాదు తేల్చాల్సిన గడువు ముగిసిన 30 రోజుల్లో కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లవచ్చు, అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు మాత్రం ఉత్తరాలు రాయకండి, వ్యక్తుల తగాదాలను అది విచారించదు.

డబ్బు కట్టడం ఆపేయమన్న స్నేహితుల మాట అస్సలు వినొద్దు. మీరు ఆపితే కనెక్షన్ తెగుతుంది. అప్పటి నుంచి రికార్డులో ఉండేది వాళ్ల లోపం కాదు, మీ బకాయి. రాత్రి వేగం కొలిచి చూపించే తీగే పోయాక ఏం రుజువు చేస్తారు? కట్టండి, యూపీఐలోనో బ్యాంకు ద్వారానో కట్టండి. కట్టిన ప్రతిసారీ ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక్క వాక్యం ఈమెయిల్ చేయండి. ఇప్పటిదాకా ఆపరేటర్ చేతిలో నగదు పెట్టి రసీదు అడగకుండా వచ్చి ఉంటే ఆ నెలలు దాదాపు వదులుకోవాల్సిందే.

ప్రతివాదులు ఇద్దరు: లైసెన్సున్న కంపెనీ, దాని తరఫున తీగ లాగిన ఆపరేటర్. ఒక్క ఆపరేటర్‌నే చేరిస్తే ‘బ్యాండ్‌విడ్త్ పైనుంచి రావట్లేదు’ అని చేతులెత్తేస్తాడు. కంపెనీ పేరు బిల్లు మీద చూసి రాయండి. టెలికాం తగాదాలు వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రావని 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వాళ్లు చూపిస్తారేమో, కంగారు పడొద్దు. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో త్రిసభ్య ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తీసేసింది. 2019 చట్టం ‘సేవ’ నిర్వచనంలో టెలికాంను పేరు పెట్టి చేర్చింది కూడా.

కనెక్షన్ నాన్నగారి పేరున ఉంది కాబట్టి ఆయనే ఫిర్యాదుదారు కావడం తేలిక. ఆయన సమ్మతితో సేవ వాడుకుంటున్నవారిగా మీరూ చేరవచ్చు. మీ జిల్లా కమిషన్లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షలలోపు గనుక ఫీజు లేదు. ఆన్‌లైన్లోనూ దాఖలు చేయవచ్చు. అంతకుముందు ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు గానీ, చాలా కంపెనీలు నోటీసు చూశాకే లింకు పెంచడం గురించి ఆలోచిస్తాయి.

అడగాల్సినవి ఇవి: రెండేళ్ల చెల్లింపుల్లో అందని వేగానికి తగ్గ భాగం వాపసు, లోపం సరిచేయమని ఆదేశం, ఇబ్బందికి మితమైన పరిహారం, ఖర్చులు. పది లక్షలు రాయకండి. ఆ అంకె చూస్తే కమిషన్ మీ స్పీడ్ టెస్టులకన్నా ముందు మీ ఆశను విచారిస్తుంది.