పెద్దబ్బాయి గది ఎందుకు ఖాళీ చేయించారమ్మా?

వనస్థలిపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"మావారు పోయాక పెద్దబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు నా దగ్గరే ఉంటున్నారు. చిన్నవాడు డాలస్‌లో ఉంటాడు. మూడేళ్ళ తర్వాత భార్యాపిల్లతో ఈ సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడ మంచు తుఫాను హెచ్చరిక రావడంతో విమానం వాళ్ళు అదనంగా డబ్బు తీసుకోకుండా తేదీ మార్చుకోనిచ్చారట. నాలుగు రోజులు ముందే దిగుతున్నారు. ఇక్కడ ఏదీ సిద్ధంగా లేదు. పనిమనిషి సరిగ్గా ఇప్పుడే ఊరెళ్ళింది. పెద్దవాడి గదికే ఏసీ, గీజరు ఉన్నాయని అది ఖాళీ చేయించి వాళ్ళ మంచం హాల్లో వేయించాను. కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి నాతోపాటు వంటింట్లోకి దిగింది. అరిసెలు నూనెలో విచ్చిపోతుంటే 'పాకం చూసుకోవద్దా' అన్నాను. అంతే, చిల్లుల గరిటె పక్కన పడేసి, పక్కింటావిడ ముందే 'వాళ్ళొస్తేనే ఈ ఇంటికి పండగా అత్తయ్యా?' అనేసింది. నా పరువు పోయింది. వాళ్ళు దిగేలోపు కోడలి చేత క్షమాపణ ఎలా చెప్పించాలి? చిన్నవాడికి ముందే చెప్పి ఉంచాలా?"

చెప్పించక్కర్లేదు. చిన్నవాడికీ చెప్పొద్దు. మీరడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు అయిపోయిందమ్మా. ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. మీ కంగారు ఉత్తిది కాదు. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ఇళ్ళూ రోడ్లూ ఎండకు తట్టుకునేలా కట్టినవి. అక్కడ మంచు వాన పడితే రోడ్డు గాజుపలకైపోతుంది. 2021 ఫిబ్రవరిలో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. చాలామంది రోజుల తరబడి చలిలో గడిపారు. పైపులు పగిలిపోయాయి, 200 మందికి పైగా చనిపోయారు. కాబట్టి చిన్నవాడు తొందరపడి ముందే బయల్దేరడం తెలివైన పని. ఫోన్లో పొద్దస్తమానం డాలస్ వాతావరణం చూసుకుంటూ కూర్చున్నందుకు మిమ్మల్ని ఏ తల్లీ తప్పు పట్టదు.

కానీ మీ ఉత్తరం పూర్తిగా చదివాను. అందులో మీ పెద్దబ్బాయి మూడు చోట్ల కనిపిస్తాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చాడు. మంచం హాల్లోకి మోశాడు. తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్ వెళ్ళి తమ్ముణ్ణి తీసుకురావాలి. అంతే. చిన్నవాడు ఏం తింటాడో, చిన్నకోడలికి ఏ పొడి పడదో, ఆ పసిపిల్లకు ఏ పాలు కావాలో ఒక పేజీ రాశారు. పెద్దవాడి గురించి మాత్రం "వాడి సంగతేముంది, ఏం చెప్పినా సరేనంటాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను నేను.

మీ కోడలు గరిటె పడేసింది మీ మీద కోపంతో అనుకుంటున్నారు. అరిసెల పాకం మీద అయితే అసలే కాదు. పెళ్ళయి పదేళ్ళకు పైగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి, తన భర్త గది అడగకుండానే ఖాళీ అయిపోవడం, ఆయన నోరెత్తకుండా మంచం కాలు పట్టుకుని మోయడం కళ్ళముందు కనిపించింది. ఆయన అనాల్సిన మాట ఆమె అంది. కోడలు నోరు తెరిచింది కాబట్టి తప్పు కోడలిదైంది. మన ఇళ్ళల్లో ఇది మామూలే. కొడుకు మౌనాన్ని మంచితనం అంటాం, కోడలి మాటను పొగరు అంటాం.

జనవరిలో ఏసీ ఎందుకమ్మా? ఆ సంగతి అటుంచండి. ఈ నెలలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున వణుకు పుడుతుంది. డాలస్ చలి మీకు ఫోన్లో కనిపిస్తోంది. మీ హాల్లో, బాల్కనీ తలుపు పక్కన పడుకుంటున్న తొమ్మిదేళ్ళ పిల్లకు వేసే చలి కనిపించలేదు. పొద్దున్నే స్కూలు బ్యాగు ఎక్కడుందో వెతుక్కుంటోందని మీరే రాశారు, అదీ విసుగ్గా.

దూరాన ఉన్న బిడ్డ మీద బెంగ ఉండటం సహజం. దగ్గరున్న బిడ్డ చేసే చాకిరీని ఇంటి అద్దె కింద జమ వేసుకోవడం మాత్రం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అతను తల్లి దగ్గర ఉండటం అతని ధర్మమే, కాదనను. ధర్మం చేస్తున్నవాడికి గౌరవం అక్కర్లేదని ఎవరు చెప్పారు? మీరు ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ పక్కనున్నది ఎవరో మీకు గుర్తుచేయాల్సిన పని లేదనుకుంటాను.

ఇంకోటి. ఆ గది కావాలని చిన్నవాడు అడిగాడా? ఎక్కడా రాయలేదు. అడిగి ఉండడు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు చాలామంది అమ్మ వంట, అన్నతో రెండు మాటలు, అంతకుమించి కోరుకోరు. హోటల్ చేసి పెట్టేది మనమే. అన్న మంచం హాల్లో చూసి ఆ అబ్బాయి సిగ్గుపడతాడు, అతని మొహం చూసి వదిన ఇంకా ముడుచుకుంటుంది, పండగ మూడు రోజులూ ఇల్లు బిగదీసుకుని ఉంటుంది.

ఈ రాత్రి పెద్దబ్బాయి భోజనానికి కూర్చున్నప్పుడు మీరూ పక్కన కూర్చోండి. "నిన్ను అడక్కుండా గది ఖాళీ చేయించాను, చేయకుండా ఉండాల్సింది" అనండి. "పర్లేదమ్మా" అంటాడు, వాడి అలవాటది. అక్కడితో వదిలేయకండి. ఎయిర్‌పోర్టుకి క్యాబ్ పెట్టండి. అన్నయ్యే రావాలని తమ్ముడు పట్టుబడితే అది అన్నదమ్ముల ఇష్టం, మీ ఆర్డరు కాకూడదు. కోడలితో సంజాయిషీలు పెట్టుకోవద్దు. భర్తతో మీరు ఏం మాట్లాడారో ఆమె వింటుంది, చాలు.

మిగతావి చిన్న పనులు. అరిసెలు స్వగృహ ఫుడ్స్ దుకాణంలో రెండు కిలోలు తెప్పించండి. బియ్యం సరిగ్గా నానకుండా పిండి పట్టించి, ఆ తడి కాస్తా ఆరిపోయాక పాకంలో పోస్తే ఎవరు వేయించినా విచ్చిపోతాయి. భోగిపళ్ళు పోసేటప్పుడు చిన్నదాని పక్కనే పెద్దమనవరాలినీ కూర్చోబెట్టండి. "అది పెద్దదైపోయింది" అని రాశారు, తొమ్మిదేళ్ళకేం పెద్దది? పనిమనిషిని తిట్టుకోవడం ఆపండి. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరే రోజులివి, ఆమెకూ ఒక ఊరుంది.

మంచం మాత్రం ఈ రాత్రికే తిరిగి గదిలో వేయించండి. చిన్నవాళ్ళకు మీ గది ఇచ్చి మీరు మనవరాలి దగ్గర పడుకోండి, కుదరకపోతే హాల్లో పరుపులు పరవండి. జెట్‌లాగ్‌తో వాళ్ళు ఎలాగూ అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. హాల్లో అయితే టీవీ అయినా ఉంటుంది.