ఉండవల్లి స్తంభం మీద సగం పేరు

“చారిత్రక ప్రదేశాలను పర్యాటక కేంద్రాలుగా అభివృద్ధి చేస్తే అవి నిలుస్తాయా, త్వరగా పాడవుతాయా? మీ ప్రాంతపు అనుభవంతో చెప్పండి” అని మీరు అడిగారు. గుంటూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, దాదాపు ప్రతి ఏడాదీ ఒక తరగతినైనా వెంటబెట్టుకొని అమరావతికో, ఉండవల్లికో, కొండవీటికో వెళ్ళివచ్చినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన జవాబు ఒకే ఒక్క రోజు అనుభవంలో ఉంది. ముందు అది చెబుతాను.

2011 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలు నలభై ఆరుగురిని తీసుకొని ముగ్గురు ఉపాధ్యాయులం బయలుదేరాము. శుక్రవారమైతే బస్సు తక్కువ కిరాయికి వస్తుందన్నారని ఆ రోజే పెట్టుకొన్నాము. తీరా అమరావతి చేరాక, అక్కడి పురావస్తు ప్రదర్శనశాలకు శుక్రవారమే సెలవని తెలిసింది. బస్సు మాట్లాడిపెట్టినవారు చెప్పలేదు, నేనూ ముందుగా కనుక్కోలేదు. పిల్లలకు చూపించాలనుకొన్న శిల్పాలన్నీ తాళం వేసిన తలుపుల వెనుక ఉండిపోగా, మాకు మిగిలింది మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం, ఉన్న స్థలం ఒక్కటే. వెళ్ళినవారికి తెలుసు, అక్కడ చూడగానే కళ్ళు చెదిరేది ఏదీ ఉండదు. గుండ్రటి ఇటుకల కట్టు, చుట్టూ అక్కడక్కడ నిలబెట్టిన పలనాటి సున్నపురాతి పలకలు, మధ్యలో గడ్డి, అంతే. పిల్లలు అటూ ఇటూ చూసి “ఇంతేనా మాస్టారండీ?” అన్నారు.

ఇంతే ఎందుకు మిగిలిందో చెప్పడానికి వాళ్ళను గడ్డి మీద కూర్చోబెట్టాను. 1790ల చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి వచ్చి అమరావతిలో కొత్త పట్నం కట్టించినప్పుడు, ఈ స్తూపపు దిబ్బలోని ఇటుకలూ పలకలూ ఆ కట్టడాలకు తరలిపోయాయి. 1797లో ఈ దిబ్బను చూసివెళ్ళిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి, దాని నడిమధ్య చెరువు తవ్వి ఉంది. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన పలకలు మద్రాసు చేరి, వాటిలో నూట ఇరవైకి పైగా 1859లో లండన్ వెళ్ళాయి. నేడు అమరావతి శిల్పాల్లో ముఖ్యమైనవి చాలావాటిని చూడాలనుకొనేవారు బ్రిటిష్ మ్యూజియానికో, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో వెళ్ళాలి. వెంకటాద్రి నాయుడు గారిని నిందించడానికి ఇది చెప్పలేదు, ఆయన చేసిన ధర్మకార్యాలు మన జిల్లాలో అందరికీ తెలిసినవే. ఆ కాలానికి ఆయన చేసినదే అభివృద్ధి. అభివృద్ధి అన్న మాట వినగానే, దానికి రాళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగడం నేను నేర్చుకొన్నది మాత్రం ఆ దిబ్బ దగ్గరే.

తరువాత ఆ స్తూపాన్ని నిలబెట్టినవారి గురించి చెప్పాను. అందులోని పలకలను రాజులు మాత్రమే ఇవ్వలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒకటి ఇచ్చి, ఇచ్చిన పలక మీద తమ పేర్లు చెక్కించుకొన్నారు. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు విధికుడు చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులు అందరితో కలిసి తాను పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన పలకను ఇచ్చానని ప్రాకృతంలో రాయించాడు. తెలుగు మాస్టారిని కాబట్టి, పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అమరావతి రాతి మీద చూపించిన ‘నాగబు’ అనే తొలినాటి తెలుగు మాటను కూడా చెప్పకుండా ఉండలేకపోయాను. ప్రదర్శనశాల తెరిచి ఉంటే ఇదంతా చెప్పడానికి సమయం చిక్కేది కాదు.

ఉండవల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. పులిహోర పొట్లాలు చెట్టు నీడలో తినిపించి పైకి తీసుకువెళ్ళాను. కొండనే తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచిన ఆ ఆలయాన్ని క్రీ.శ. నాలుగు, ఐదు శతాబ్దాల నాటిదిగా, విష్ణుకుండినుల కాలానిదిగా సాధారణంగా చెబుతారు. మూడో అంతస్తులో ఐదు మీటర్లకు మించిన పొడవున అనంతపద్మనాభస్వామి పవళించి ఉన్నాడు. ఆ గదిలో వెలుతురు తక్కువ. సగం మంది పిల్లలు లోపల, సగం మంది వెలుపలి వసారాలో ఉండగా, స్తంభాల వైపు నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, మా పిల్లవాడొకడు జామెట్రీ పెట్టెలోని కంపాసు ములుకుతో స్తంభం మీద తన పేరు గీస్తున్నాడు. రెండు అక్షరాలు పూర్తయ్యాయి, మూడో అక్షరానికి తలకట్టు పడింది.

నేను చెయ్యెత్తాను. వాడు తప్పించుకోలేదు. “పొద్దున మీరే చెప్పారు కదండీ మాస్టారూ, చెప్పులు కుట్టే ఆయన కూడా రాయి మీద పేరు చెక్కించుకొన్నాడని. ఆయన్ని గొప్పోడన్నారు కదండీ” అన్నాడు. ఎదురు చెప్పాలని అన్న మాట కాదు, వాడికి నిజంగానే తేడా తెలియలేదు. నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ చప్పుడుకు కాపలా మనిషి కూడా వచ్చాడు. ఖాకీ చొక్కా, యాభై దాటిన వయసు. కేకలేస్తాడనుకొన్నాను. “కొట్టబాకండి మాస్టారూ” అని, ఒంగి స్తంభం మొదట్లో రాలి ఉన్న పొడిని చూపుడువేలితో అద్ది, ఆ పిల్లవాడి అరచేతిలో పెట్టాడు. బియ్యపు నూక కంటే సన్నగా ఉన్నాయి ఆ రేణువులు. “ఇది రోజూ పోతానే ఉంటది బాబూ. గాలికి కొంత, వానకి కొంత. చాలా కాలానికి పోయేది నువ్వు నిమిషంలో పోగొట్టావు” అన్నాడు. పిల్లవాడు గుప్పిట మూశాడు. ఆ పొడిని పారబొయ్యాలో, దాచుకోవాలో తెలియక అలాగే దిగివచ్చి, బస్సులో కూర్చొన్నాక జామెట్రీ పెట్టె మూత తీసి అందులో పోసుకొన్నాడు.

బస్సు మంగళగిరి దాటుతుండగా నాకు జవాబు తట్టి, వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకొన్నాను. “విధికుడు రాయి ఇచ్చాడురా. తాను ఇచ్చిన రాయి మీద పేరు రాయించుకొన్నాడు. నువ్వు ఎవరో ఇచ్చిన రాయి మీద రాసుకొన్నావు” అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, “అయితే నేనేం ఇవ్వాలండీ?” అని అడిగాడు.

మీ ప్రశ్నకు కూడా నా జవాబు అక్కడే ఉంది. వచ్చినవారు ఏదో ఒకటి ఇచ్చిపోయే చోటు నిలుస్తుంది, అందరూ తీసుకుపోయేదే తప్ప ఇచ్చేది లేని చోటు అరిగిపోతుంది. అమరావతి స్తూపం దగ్గరకు దూరాల నుంచి వచ్చిన వర్తకులు కూడా ఒక రకంగా పర్యాటకులే, కానీ వారు వచ్చిన కొద్దీ స్తూపం పెరిగింది. ఈ రోజు మనం తయారుచేస్తున్న పర్యాటకుడు కారు దిగి, ఫొటో దిగి, చిరుతిళ్ళ సంచిని గట్టు మీద వదిలి అరగంటలో వెళ్ళిపోతున్నాడు. ఇందులో అతని తప్పు తక్కువ. ఇవ్వడానికి ఏముందో అతనికి ఎవరూ చూపించలేదు.

అభివృద్ధి పేరుతో వచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో చూడండి. ముఖద్వారం కడతారు, రంగుల దీపాలు పెడతారు, ఊరి పేరును నిలువెత్తు అక్షరాలుగా నిలబెట్టి పక్కన ఫొటో దిగమంటారు. మరుగుదొడ్డి మాత్రం ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. మా ప్రయాణాల్లో ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగడం మానేసేవారు. ఎందుకమ్మా అంటే తల దించుకొనేవారు. ఒక చోట నీళ్ళ సీసా మూత కూడా తీయకుండా సాయంత్రం ఇంటికి తీసుకుపోయిన అమ్మాయిని చూశాక, దీపాల అలంకరణ అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. సూచిక పలకల సంగతి ఇంకొకటి. ‘ప్రాచీన’ అన్న మాటలో దీర్ఘం లేని పలకను ఒక చోట ఆరేళ్ళు వరుసగా చూశాను, రాసి ఇచ్చినా మార్చలేదు. శతాబ్దాల నాటి శిల్పం ముందు మన భాషను తప్పుగా రాసిపెట్టడం అంటే, ఈ చోటును ఎవరూ పట్టించుకోవడం లేదని వచ్చినవారికి ముందుగానే చెప్పడం. సరైన సమాచారం లేని చోట కట్టుకథలు పెరుగుతాయి. ఉండవల్లి నుంచి కొండవీటికీ, మంగళగిరికీ సొరంగాలున్నాయని చెప్పేవారు నాకు పదిమంది కనిపించారు గాని, ఆ మూడో అంతస్తు ముందు వరుసగా కూర్చున్న రాతి మునుల వైపు చూడమన్నవారు ఒక్కరూ లేరు.

ఊరివారి సంగతి దీనికంటే ముఖ్యం. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, దాని పైన మరో 200 మీటర్లలో అనుమతి తీసుకొని కట్టుకోవాలి. 2010లో చట్టాన్ని సవరించి దీనిని బిగించారు. చట్టం మంచిదే, అది లేకపోతే గుహల ముందు అపార్టుమెంట్లు లేచేవి. కానీ ఆ 100 మీటర్లలో ఇల్లున్న మనిషి వైపు నుంచి కూడా చూడాలి. కొడుక్కి పెళ్ళయితే పైన ఒక గది వేసుకోలేడు, వంటింటి కప్పు మార్చాలన్నా కాగితం కోసం తిరగాలి. ఆ కట్టడం వల్ల వచ్చే టిక్కెట్టు సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది. బరువంతా ఊరిది, రాబడి మరొకరిది. అటువంటి మనిషి ఆ కొండను ప్రేమించాలని మనం ఏ ముఖంతో అడగగలం?

మంగళగిరిలో ఇలా ఉండదు. కొండ మీద పానకాల నరసింహస్వామికి భక్తుడు బిందెతో పానకం తెస్తే, స్వామి సగం తాగి సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని నమ్మకం. బెల్లం అమ్మేవారు, పానకం కలిపేవారు, కింద బజారులో పూలు, కొబ్బరికాయలు అమ్మేవారు, దర్శనానికి వచ్చినవారు వెళ్తూ వెళ్తూ కొనే చీరలు నేసే మగ్గాలవారు, అందరికీ ఆ కొండతో పని ఉంది. కొండకు ఏదైనా జరిగితే ఊరు ఊరంతా కదులుతుంది. ఆ సగం లెక్కే ప్రతి చారిత్రక ప్రదేశానికీ పెట్టాలని నా గట్టి అభిప్రాయం. టిక్కెట్టు సొమ్ములో సగం ఆ ఊరి పంచాయతీకి ఇచ్చి, దానితో ఊరివారినే కాపలాకు, శుభ్రతకు, వివరించి చెప్పడానికి నియమించాలి. ఉండవల్లి గుహల ముందు అంగళ్ళలో ఎక్కడి నుంచో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముతున్నారు. కృష్ణ దాటి గంట ప్రయాణం చేస్తే కొండపల్లి, అక్కడ తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి బొమ్మలు చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ అంగళ్ళలో ఒక్క అరను వారికి కేటాయించడం అంత కష్టమైన పనా?

జనాన్ని తగ్గించాలనేవారితో నేను పూర్తిగా ఏకీభవించను. అజంతాలో వాహనాలను నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఆపి బస్సుల్లో తీసుకువెళ్తారు, 2018 నుంచి తాజ్ మహల్ టిక్కెట్టుకు మూడు గంటల గడువు పెట్టారు. అంత రద్దీ ఉన్న చోట అది అవసరమే. కార్తీక మాసపు ఆదివారాలు వదిలేస్తే మన ఉండవల్లిలో ఉన్న కష్టం వేరు, వచ్చినవారు ఆగకపోవడం. అయితే ఆ కార్తీక ఆదివారాల్లో మాత్రం పై గదిలోకి ఒకసారికి పదిహేనుమందిని మించి పంపకూడదు, వనభోజనాల వంటలను కొండకు దూరంగా పెట్టించాలి.

ఆ పిల్లవాడి ప్రశ్నకు మేము చేయగలిగింది మరుసటి ఏడాది నుంచి చేశాము. ప్రతి తరగతీ వెళ్ళేటప్పుడు రెండు గోనె సంచులు వెంట తీసుకువెళ్ళి, మెట్ల పక్కన దొరికిన చెత్తను నింపి తెచ్చింది. ప్రతి పిల్లవాడూ ఒక శిల్పం ముందు గంటసేపు కూర్చొని దాని బొమ్మ గీశాడు. ఆ పుస్తకాలను కాపలా మనిషికి చూపిస్తే, తాను రోజూ చూసే సింహాల నోళ్ళు ఒక్కొక్కటి ఒక్కో రకంగా వచ్చాయని ఆయన సంతోషించాడు. నేను విరమణ చేసేవరకు, తొమ్మిదేళ్ళలో, నా పిల్లల్లో ఒక్కరూ రాతి మీద గీత పెట్టలేదు. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు. ఉండవల్లి పాఠశాల పిల్లలకే తర్ఫీదు ఇచ్చి ఆదివారాలు వివరించే పని అప్పగిస్తే ఎంత బాగుంటుందో, తగిన చోట్ల రాసి ఇచ్చాను. ఇంకా కబురు రాలేదు.

ప్రస్తుతానికి ఆదివారం ఉదయం ఎండ ఎక్కేలోపు నేనే వెళ్తున్నాను. మూడో అంతస్తు వసారాలో కూర్చొంటే ఎదురుగా అరటి తోటలు కనిపిస్తాయి. వచ్చినవారిలో ఆగేవారు కొందరు ఉంటారు. వారికి పద్మనాభస్వామిని, మునులను, సింహాలను చూపించి, చివర ఆ స్తంభం దగ్గరకు తీసుకువెళ్తాను. రెండు అక్షరాలు, ఒక తలకట్టు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. “మిగతా పేరేదండీ?” అని పిల్లలు అడుగుతారు.