టెస్ట్‌లు తగ్గించకుండా బగ్‌ను తొందరగా పట్టుకోవడం: నా అనుభవం

రిగ్రెషన్ (కోడ్ మారినప్పుడల్లా పాత టెస్ట్‌లన్నీ మళ్లీ నడపడం) మొత్తం అయ్యేసరికి ఐదు గంటలు పడుతోంది, ఫెయిలయ్యేవేమో చివర్లోనే బయటపడుతున్నాయి, టెస్ట్‌లు తీసేయకుండా ఏమైనా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. వరుస మారిస్తే చాలు. కాకపోతే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చేయకుండా దిగి నేను దెబ్బతిన్నాను.

హనుమకొండలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. టెస్ట్‌లు ఫైల్ పేర్లను బట్టి ఇంగ్లీషు అక్షర క్రమంలో నడిచేవి. రైతు చేతికిచ్చే తూకం కాగితం, తక్‌పట్టీ, 'టీ' అక్షరం కాబట్టి దాని వంతు ఎప్పుడూ చివర్లోనే. మిర్చి సీజన్‌లో ఒకరోజు అంకెలను రౌండ్ చేసే ఫంక్షన్ (కోడ్ ముక్క) మార్చారు. 23 బస్తాలు కాంటా వేస్తే 9 క్వింటాళ్ల 43 కిలోలు. తక్‌పట్టీలో మాత్రం 9 క్వింటాళ్లే పడింది. టెస్ట్ పట్టుకుంది, పట్టుకోలేదని కాదు. రాత్రి ఎనిమిదికి మొదలైన రన్‌లో దాని వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. బిల్డ్, అంటే కొత్త వెర్షన్, అప్పటికే అడ్తిదారులకు వెళ్లిపోయింది. పొద్దున్నే ఒక రైతు కాగితం పట్టుకుని అడ్తి ముందు నిలబడ్డాడు, మిగతా 43 కిలోలు ఏవని.

ఆ వారమే తక్‌పట్టీ టెస్ట్‌లన్నీ ముందుకు తెచ్చాను. ఒక్కసారిగా నలభై ఫెయిల్! కోడ్ బాగానే ఉంది. రైతు పేరు, సరుకు రకం ఎంట్రీ చేసేది మాస్టర్ టెస్ట్‌లు, మిగతావన్నీ ఆ డేటా మీదే బతుకుతున్నాయి, వాటికంటే ముందు నడిస్తే ఆ డేటానే ఉండదు. ప్రతి టెస్ట్ తన డేటా తనే తయారు చేసుకునేలా మార్చడానికి రెండు వారాలు పట్టింది. అసలు కష్టమంతా అక్కడే, వరుస పెట్టడం ఒక పూట పని.

ఇప్పుడు మా వరుస ఇలా ఉంది: నిన్న ఫెయిలైనవి ముందు, ఆ తర్వాత ఈరోజు మారిన కోడ్‌ను తాకేవి, ఆపైన డబ్బు లెక్కలు. పైటెస్ట్ (పైథాన్ టెస్ట్‌లు నడిపే టూల్) వాడుతుంటే ఫెయిలైనవాటిని ముందు నడిపే ఆప్షన్ అందులోనే ఉంది. కవరేజీని, అంటే ఏ టెస్ట్ ఎంత కోడ్‌ను తాకుతుందో దాన్ని బట్టి పెట్టాలనుకుంటే ఒక చిన్న కిటుకు. ఒక టెస్ట్ నాలుగు ఫంక్షన్లను తాకుతుంది, రెండోది అందులోవే మూడింటిని, మూడోది ఇంకెవరూ తాకని ఒక్కదాన్ని. లెక్క ప్రకారం రెండోది పెద్దదే, కానీ మొదటిదాని తర్వాత అది కొత్తగా చూసేదేమీ లేదు. కాబట్టి మూడోదాన్ని ముందుకు జరపండి.

వరుస బాగుందో లేదో కొలవడానికి ఏపీఎఫ్‌డీ అనే లెక్క ఉంది, తప్పులు ఎంత తొందరగా దొరికితే విలువ అంత ఎక్కువ. గ్రెగ్ రోథర్మెల్ బృందం చేసిన పరిశోధనలోది. పది టెస్ట్‌లు, రెండు తప్పులు అనుకోండి. అవి ఎనిమిదో టెస్ట్‌లో, పదో టెస్ట్‌లో దొరికితే విలువ 0.15. ఒకటోదాంట్లో, మూడోదాంట్లో దొరికితే 0.85. తప్పులేమిటో ముందే తెలిస్తేనే ఈ లెక్క కుదురుతుంది కాబట్టి పాత సీజన్ లాగ్‌ల మీద వేసి చూడండి. ఇందులో రెండు సెకన్ల టెస్ట్, పది నిమిషాల టెస్ట్ ఒకటే. హెడ్డింగ్‌లో అక్షరం తప్పైనా, రైతు తూకం తప్పైనా ఒకటే. అది నాకు నచ్చదు, అందుకే నంబర్ చూస్తాను గానీ దాని మాటే వేదం అనుకోను.

ఇంకోటి, ఊరికే ఫెయిలయ్యే టెస్ట్‌ల సంగతి. మా ప్రింటర్ టెస్ట్ రెండు రోజులకోసారి ఏ కారణం లేకుండా పడిపోయేది, ఆ పుణ్యాన మాటిమాటికీ మొదటి వరుసలో కూర్చునేది. అలాంటివాటిని పక్కకు పెట్టి విడిగా నడపండి.

మీరు మాత్రం ఈరోజే మీ టెస్ట్‌లన్నీ ఒకసారి ర్యాండమ్ వరుసలో నడపండి. మామూలు వరుసలో పాసై ఇందులో ఫెయిలైనవి ఎన్నో ఒక లిస్ట్ రాసుకోండి. అవి చాలావరకు వేరే టెస్ట్‌ల డేటా మీద బతికేవే, ముందు వాటిని సరిచేశాకే వరుస ముట్టుకోండి.