గచ్చు ఆరేదాకా పిల్లిని లోపలికి రానీయకు

చి.ల.సౌ. మేనకోడలికి ఆశీస్సులు.

పైడితల్లమ్మ పండగ దగ్గరపడుతోంది, ఇల్లు కడగడం మొదలెట్టే ఉంటావు. ఇంట్లో పిల్లీ, కుక్కపిల్లా రెండూ ఉన్నాయి గనక ముందే రాస్తున్నాను.

అవి గచ్చు తుడిచే మందు సీసా మూత ఊడబీకి తాగుతాయేమోనని మనకు భయం. కానీ తడి గచ్చుతోనూ అంత భయమూ ఉంది. పిల్లి ఆ తడిలో నడిచి, ఓ పక్కన కూర్చుని, ఒక్కో పాదం వేళ్లు విడదీసి మరీ నాక్కుంటుంది. అంటుకున్న మందంతా అలా కడుపులోకి పోతుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. తెల్ల ఫినాయిల్‌లో వేసే పైన్ నూనె కూడా దానికి పడదు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ రెండూ వద్దు తల్లీ. వీధిలోకి తెచ్చి కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్మేది అసలే వద్దు. అందులో ఏముందో రాసి ఉండదు, రేపు డాక్టరు అడిగితే చెప్పలేవు.

లైజాల్ లాంటి వాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిములను చంపే మందు ఉంటుంది. చిక్కగా వాడితే పిల్లి నాలుక మీద, నోట్లో పుళ్లు పడతాయి. అవి అప్పటికప్పుడు కనపడవు. కొన్ని గంటలు గడిచాక చొంగ కారుస్తూ, తిండి మానేసి మూల చేరుతుంది. పొద్దున గచ్చు తుడిచిన సంగతి అప్పటికి మనకు గుర్తు కూడా రాదు.

రోజూ తుడవడానికి పది లీటర్ల బకెట్‌కి ఒక టీస్పూను బట్టల సబ్బు పొడి చాలు. మందు వాడక తప్పదనుకుంటే సీసా మీద రాసిన కొలతే కలుపు. వాసన రావాలని ఇంకో మూత పొయ్యకు. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడువు, రెండోసారి నీళ్లు మార్చు. ఫ్యాన్ వేసి తలుపు మూసెయ్. వానాకాలం మన వైపు గచ్చు తొందరగా ఆరదు. అరచెయ్యి ఆనించి చూసి, తడి తగలకపోతేనే తలుపు తియ్యి. తుడిచిన బకెట్ నీళ్లు వెంటనే పారబొయ్యి, దాహమేస్తే కుక్కపిల్ల అందులోనే మూతి పెడుతుంది.

బాత్‌రూమ్‌లో యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి మనకే ఊపిరాడదు, నేలకు దగ్గరగా ఉండే వాటి సంగతి చెప్పక్కర్లేదు. కుక్క ఉచ్చ మీద కూడా బ్లీచింగ్ వెయ్యకు, అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటు వాయువు వస్తుంది. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లతో తుడువు. తుపాను వానలు వెలిశాక పెరట్లో చల్లే బ్లీచింగ్ పొడీ అంతే, దాని మీద తిరిగి వస్తే కాళ్లు కడిగి గాని లోపలికి రానీయకు. బీరువాలో కలరా ఉండలు ఉంటే మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టు. కుక్క మింగితే రక్తకణాలు విరిగిపోతాయి.

ఇంత చేసినా ఏదో ఒకటి జరిగిందనుకో. ఒంటికి అంటితే నాక్కోనివ్వకుండా తువ్వాలులో చుట్టి పట్టుకో. తర్వాత గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్‌తో బాగా కడిగి తుడువు. కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్లు ధారగా పొయ్యి. మింగితే మాత్రం కక్కించకు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, నూనె ఏవీ పట్టకు. యాసిడ్, కాస్టిక్ సోడా లోపలికి పోయేటప్పుడు ఒకసారి కాలుస్తాయి, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తాయి. సబ్బు మింగితే కక్కినప్పుడు నురగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంట సోడాతో యాసిడ్ విరగ్గొడదామనీ చూడకు, వేడి పుట్టి పుండు పెద్దదవుతుంది. మెలకువగా ఉండి తనంతట తానే తాగితే కొద్దిగా మంచినీళ్లు ఇవ్వు, నోట్లో పొయ్యకు. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వెయ్యకు, పిల్లికి అది ప్రాణాంతకం.

సీసా లేబులు ఫొటో తీసుకుని, ఎంత తాగిందో, ఎప్పుడు తాగిందో చీటీ మీద రాసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. వాహనం దొరక్కపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి అడుగు.

ఇట్లు,
మీ పెద్దత్త