పాత వ్యాన్ వెనక బ్రేకు కారుతోంది, ఆయిల్ పోస్తూ నడపొచ్చా?

అమెరికా వచ్చిన కొత్తలో, పిల్లలకూ సామానుకూ సరిపోతుందని పదిహేనిరవై ఏళ్ల నాటి వ్యాను కొన్నవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. మలుపు తిరిగినప్పుడల్లా ఎర్ర బ్రేకు లైటు వెలిగి ఆరుతుంది. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో బ్రేక్ ఆయిల్ అడుగు గీత కిందికి దిగి ఉంటుంది. వెనక టైరు లోపలివైపు తడి చార కనిపిస్తుంది.

నడపకండి. పెడల్ తొక్కితే చక్రం దగ్గరి చిన్న సిలిండర్ (వీల్ సిలిండర్) షూలనే బ్రేకు పట్టీలను చక్రంతో తిరిగే డ్రమ్ముకు అదుముతుంది. కారేది ఆ సిలిండర్ నుంచే అయితే ఆయిల్ షూల మీదే పడుతుంది. తడిసిన షూ ఒకసారి జారుతుంది, ఒకసారి ఉన్నట్టుండి పట్టేస్తుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. డబ్బాలో కారే వైపు అర ఖాళీ అయితే సగం బ్రేకులే మిగులుతాయి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్‌లో ఎవరో చూస్తారులే అనుకోవద్దు. న్యూజెర్సీలో 2010 నుంచి, టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు బ్రేకుల తనిఖీ లేదు.

ముందు కారేదేమిటో తేల్చుకోండి. ఆయిల్ మట్టం తగ్గినంత మాత్రాన లీకని కాదు, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది. డ్రమ్ము విప్పి సిలిండర్ రెండు చివర్లలో ఉండే రబ్బరు తొడుగు అంచును చిన్న స్క్రూడ్రైవరుతో మెల్లగా ఎత్తండి. లోపల కాస్త చెమ్మ ఉంటే పరవాలేదు. బొట్టు కారిందంటే సిలిండర్ పోయినట్టే. కొన్ని వ్యాన్లలో ఆ తడి గేర్ ఆయిల్‌దీ కావచ్చు. సియెన్నా, క్యారవాన్ లాంటి ముందు చక్రాలతో లాగే వ్యాన్లలో వెనక గేర్ ఆయిల్ ఉండదు. పాత ఫోర్డ్ ఇకోనోలైన్, షెవీ ఆస్ట్రోల్లో ఉంటుంది. అక్కడ చిక్కగా, గంధకం కంపు కొట్టే ఆయిల్ కనిపిస్తే పోయింది ఇరుసు సీలు, బ్రేకు కాదు.

సిలిండర్ ఎందుకు పోతుందంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఇనుప సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడతాయి. అరిగిన షూలు తీసి కొత్త లావు షూలు వేసేటప్పుడు సిలిండర్లోని పిస్టన్లను లోపలికి నొక్కుతారు. వాటి రబ్బరు కప్పులు ఆ తుప్పు మీదికి వెళ్లి చిరుగుతాయి. ‘మొన్ననే షూలు మార్పించాం, ఇప్పుడు కారుతోంది’ అనే ఫిర్యాదుకు మూలం తరచూ ఇదే.

కొనాల్సినవి: రెండు పక్కలకూ వీల్ సిలిండర్లు, నాలుగు షూల సెట్టు, స్ప్రింగుల కిట్టు, బ్రేక్ క్లీనర్ మూడు క్యాన్లు, మూత విప్పని డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ సీసా ఒకటి. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ షాపులో ‘బ్రేక్ ఫ్లూయిడ్’ అని అడగండి. ఇంజిన్ ఆయిల్ కలిస్తే రబ్బరు ఉబ్బుతుంది. డాట్ 5 సిలికాన్‌ది, దీంట్లో కలపకూడదు. తడిసిన షూను కడిగి, కాల్చి మళ్లీ వాడాలని చూడొద్దు. ఒక పక్కే మార్చినా బండి లాగుతుంది.

బండిని సమనేల మీద నిలిపి, ముందు చక్రాలకు చెక్కలు పెట్టి, స్టాండ్ల మీదికి ఎక్కించండి. జాకీని మాత్రమే నమ్మి పని చెయ్యొద్దు. హ్యాండ్ బ్రేకు వదలండి. టొయోటా డ్రమ్ములకు రెండు మర కన్నాలుంటాయి. 8 మి.మీ. బోల్టులు రెండూ సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము ఊడి వస్తుంది. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, క్లీనరుతో తడిపి తుడవండి. స్ప్రింగులు విప్పే ముందు ఫొటో తీసుకోండి, రెండో పక్క ముట్టుకోకండి, అదే నమూనా. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే అడ్జస్టర్ మరలు ఒక పక్క కుడివైపు, ఒక పక్క ఎడమవైపు తిరిగేవి. అవి తారుమారైతే బ్రేకు బిగియకుండా వదులవుతూ పోతుంది.

అసలు చిక్కు సిలిండర్‌కు ఆయిల్ తెచ్చే ట్యూబు నట్టు దగ్గర. సిలిండర్ బోల్టులు తీయకముందే దీన్ని వదులు చెయ్యాలి. మామూలు పానా పెడితే మూలలు అరుగుతాయి, నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానాయే, నట్టు సైజుకు సరిపోయేది వాడండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టండి. నట్టుతోపాటు ట్యూబు కూడా మెలి తిరుగుతుంటే ఆగిపోండి. రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల బండ్లలో ఇది మామూలే, ట్యూబు కూడా మార్చాల్సి వస్తుంది. విప్పిన ట్యూబు మూతికి రబ్బరు టోపీ పెట్టండి, లేకపోతే డబ్బా ఖాళీ అయ్యి గాలి పైదాకా వెళ్తుంది. కొత్త సిలిండర్లో నట్టును చేత్తో నాలుగైదు మరలు ఎక్కించాకే బోల్టులు బిగించండి, అప్పుడు మర వంకరగా ఎక్కదు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. సిలిండర్‌కు ఉండే గాలి వదిలే మర బ్లీడర్. దానికి పారదర్శక గొట్టం తగిలించి, కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బ్లీడర్ తెరిచి, మూసి, ఆ తరవాతే ‘వదులు’ అనాలి. పాత బండిలో పెడల్‌ను నేలకంటా తొక్కించొద్దు. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ సీలు ఎప్పుడూ వెళ్లని తుప్పు భాగంలోకి వెళ్లి అదీ చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. నాలుగైదు సార్లకోసారి డబ్బా నింపండి. పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

షూలు డ్రమ్ముకు రాసీ రాయనట్టు తగిలేదాకా అడ్జస్టర్ తిప్పండి. పాత ఆయిల్‌ను సింకులో పొయ్యొద్దు, కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. అద్దె అపార్టుమెంట్లలో పార్కింగులో బండి విప్పనివ్వరు, లీజు కాగితం చూసుకోండి. షాపులో చేయిస్తే ‘రెండు పక్కల సిలిండర్లు, షూలు’ అని బిల్లులో రాయించి, పాత సామాను చూపించమనండి.

పనయ్యాక డబ్బా మీద మట్టం దగ్గర టేపు ముక్క అతికించండి. ఇంటి చుట్టుపక్కల మెల్లగా నడిపి చూడండి. వారం తరవాత ఆయిల్ టేపు దగ్గరే ఉందో లేదో, టైరు లోపలి గోడ పొడిగా ఉందో లేదో చూశాకే హైవే ఎక్కండి.